టైమడిగిన మనిషి

పంటు ఇంకా అవతలి ఒడ్డునే ఉంది. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తే ఏటి మీద ఎండ మెరుపులో నల్లటి గీతలాగా కనపడుతోంది తప్ప, కదులుతోందో ఆగి ఉందో తెలియటం లేదు. కదిలితే ఇంజను చప్పుడు వినపడాలి, వినపడటం లేదంటే ఆగి ఉన్నట్టే, ఆగి ఉందంటే ఇంకో అరగంట, అరగంటంటే ఈ రేకుల షెడ్డు కింద ఈ జనం మధ్య ఇంకో అరగంట. కరిముల్లా బెంచీ మీద కొంచెం జరిగి వీపు స్తంభానికి ఆనించాడు. వీపు ఎప్పుడూ దేనికో ఒకదానికి ఆని ఉండాలి. పదిహేనేళ్ళుగా కొండపల్లిలో దూది ఏకుకుంటూ, పరుపులు కుట్టుకుంటూ బతుకుతున్న మనిషికి వెనకాల ఎవరున్నారో చూసుకోవాల్సిన పని లేదు, కానీ ఆ సంగతి వీపుకి ఎవరూ చెప్పలేదు. బస్సెక్కినా చివరి సీటే, పెళ్ళి భోజనాలకి కూర్చున్నా గోడవైపే. ఎదురుగా టిఫిన్ క్యారియర్ పట్టుకున్న మనిషి ఇందాకట్నుంచీ ఇటే చూస్తున్నాడు. కరిముల్లా చూస్తే థర్మల్ పొగగొట్టాల వైపు తల తిప్పుకుంటున్నాడు. థర్మల్లో డ్యూటీ దిగి ఇంటికి పోయేవాడై ఉండొచ్చు. అయితే బూట్లకి బూడిద ఉండాలి, లేదు. నల్లగా నిగనిగలాడుతున్నాయి. మధ్యాహ్నప్పూట దుమ్ములో నడిచొచ్చినవాడి బూట్లు అట్లా ఉంటాయా? క్యారియర్ ఖాళీదైతే పట్టుకున్న చెయ్యి ఊగుతుంది, ఊగటం లేదు. డ్యూటీ దిగినవాడి క్యారియర్ నిండుగా ఎందుకుంటుంది? మఫ్టీలో ఉన్నవాళ్ళు ఎప్పుడూ ఏదో ఒకటి పట్టుకునే నిలబడతారు, వట్టి చేతులతో నిలబడటం వాళ్ళకి చేతకాదు.

సంచిలో చెయ్యి పెట్టి తడుముకున్నాడు. నీళ్ళ సీసా, తువ్వాలు, తువ్వాలు మడతలో దబ్బనం. పరుపులు కుట్టే సూది అది, జానెడు కంటే పొడుగు. ఎవరన్నా ఆపి వెతికినా దూదేకులోడి సంచిలో దబ్బనం కాక ఇంకేముంటుంది? కత్తులు ఎప్పుడో బందరు కాలవలో పడేశాడు. ఇవాళ్టి పని ఒక్కటే, ఒక్క మనిషి, తౌసిఫ్‌ని చంపినవాడు. తౌసిఫ్ కరిముల్లా కొడుకు, ఒక్కడే కొడుకు. వాళ్ళ వంశంలో డిగ్రీ పాసైన మొదటివాడు. బెజవాడలో ఒక కోచింగ్ కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేరి ఏడాది కాలేదు, ఈ జనవరిలో గొల్లపూడి బస్టాపులో, పట్టపగలు, బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. ఒకటే పోటు, ఎడమ చంక కింద. ఇంటికి తెచ్చాక కడిగేటప్పుడు కరిముల్లా ఆ గాయం చూశాడు, చూసి మొట్టమొదట అనుకున్నది ఏమిటంటే, ఎంత శుభ్రంగా చేశాడు అని. అట్లా అనుకున్నందుకు తర్వాత వెనక గదిలోకి పోయి గోడకి తల బాదుకున్నాడు, కానీ ముందు అనుకున్నది మాత్రం అదే, అది అల్లాకి తెలుసు, తనకి తెలుసు. పోలీసులు నాలుగు రోజులు తిరిగారు. ప్రేమ వ్యవహారమేమన్నా ఉందా, అప్పులున్నాయా, క్రికెట్ పందాలు కాసేవాడా అని అడిగారు. పొద్దున ఎనిమిదింటికి పోయి రాత్రి ఏడింటికి వచ్చి తల్లి దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచే పిల్లాడికి శత్రువులెవరని చెప్పాలి? కరిముల్లాకి శత్రువులున్నారా అని ఎవరూ అడగలేదు. ముప్పై మంది ఉండొచ్చు, ఎవరికీ తన పేరు తెలియదు. అడగలేదని మొదట ఊరట కలిగింది. ఆ ఊరట గుర్తొస్తే ఇప్పటికీ నోట్లో చేదు ఊరుతుంది.

పోయిన శుక్రవారం కొట్లోకి బసవపున్నయ్య వచ్చాడు. ఏకిన దూది కుప్ప మీదే ఆయాసపడుతూ కూర్చున్నాడు, లేవరా అంటే లేవలేదు. "దొరికాడు సాయిబూ" అన్నాడు. ఎవడని కరిముల్లా అడగలేదు. మిషను ఆపి తలుపు ఓరగా వేశాడు. "ఇశ్రాయేలంట. చిట్టినగర్లో ఉంటన్నాడు. గురువారం గురువారం ఫెర్రీ దాటి లింగాయపాలెంలో తల్లి దగ్గరికి పోతాడు, నాలుగ్గంటల పంటు. నేను చూపిస్తా. పాత పద్ధతే."

"నీకెవరు చెప్పారు?"

"చెప్పేవాళ్ళు చెప్పార్లే. కాళ్ళు పోయినయ్యిగానీ చెవులు పోలా ఇంకా."

"పోలీసులకి చెప్పొచ్చుగా."

"ఎవరికీ?" అని పున్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వేనా సాయిబూ ఆ మాటంటంది? ఈ దూది నీ బుర్రలోక్కూడా పోయినట్టుంది." నవ్వి, దగ్గి, మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు ఆ కళ్ళలో నీళ్ళు నవ్వువో, దగ్గువో, మరి దేనివో కరిముల్లాకి అర్థం కాలేదు. ఇప్పుడు ఈ బెంచీ మీద కూర్చుంటే మాత్రం అవే కళ్ళు కనపడుతున్నాయి. పున్నయ్య ఎవరి కోసమూ ఊరికే ఏ పనీ చేసే మనిషి కాదు. ఇరవై ఏళ్ళ కిందట ఇద్దరూ కలిసి పని చేసిన రోజుల్లో కూడా, కరిముల్లాకి జ్వరమొస్తే మాత్రలు కొనుక్కొచ్చి, ఆ మాత్రల సంగతి ఆర్నెల్లు చెప్పుకున్నాడు. అలాంటివాడు బెజవాడ నుంచి రెండు బస్సులు మారి వచ్చి, మోకాళ్ళ నొప్పులతో, ఎందుకు? పిల్లాడు పోయాడన్న జాలితోనా? ఉండొచ్చు. ముసలితనంలో జాలి పుట్టకూడదని లేదు. కానీ ఉండొచ్చు అనుకున్న ప్రతిసారీ వీపు స్తంభానికి ఇంకొంచెం గట్టిగా ఆనుతోంది.

పాత పద్ధతంటే ఏమీ లేదు. పొడిచేవాడికి మనిషెవరో ముందుగా తెలియకూడదు. ఫొటో చూడటం, ఇంటి చుట్టూ తిరగటం ఇవన్నీ కుర్రతనం పనులు, వాటితోనే దొరికిపోతారు. మనిషిని చూపించటానికి ఇంకొకడు ఉంటాడు. వాడు తిన్నగా ఆ మనిషి దగ్గరికి పోయి ఏదో ఒక గుర్తు చేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతాడు. ఒక్కొక్క జతకి ఒక్కొక్క గుర్తు. కొందరు అగ్గిపెట్టె అడిగేవాళ్ళు, ఒకడు కాలు తొక్కి క్షమాపణ చెప్పుకునేవాడు. వీళ్ళిద్దరిదీ టైమడగటం. పున్నయ్య పోయి టైమెంతయింది బాబూ అంటాడు, ఆ మనిషి చెయ్యెత్తి వాచీ చూసుకుంటాడు, ఆ లేచిన చేతిని బట్టి కరిముల్లా లేస్తాడు. చెయ్యెత్తితే చంక ఖాళీ అవుతుంది, అదొక సదుపాయం. పున్నయ్యకి ఆ తెలివికి చాలా గర్వంగా ఉండేది. అందుకని పనున్న రోజున తన వాచీ తీసి ఇంట్లో పెట్టొచ్చేవాడు. చేతికి వాచీ ఉండి టైమడిగితే ఎవడన్నా పిచ్చోడనుకోడూ?

జమాల్ బీకి ఇవన్నీ తెలియవు. తెలియవని తను అనుకుంటాడు. ఇవాళ అన్నం తినేటప్పుడు ఎదురుగా కూర్చుని విసురుతూ, "ఏటి అవతల ఎవరికి పరుపు కావాలంట?" అంది. లింగాయపాలెంలో ఒక రైతుకన్నాడు. "గజం బద్ద తీసుకెళ్ళవా మరి, కొలత చూడటానికి?" అంది. మర్చిపోయానన్నాడు. విసనకర్ర ఆగింది. బిడ్డ పోయిన మూడో రోజున, ఏడ్చి ఏడ్చి గొంతు పోయాక ఆమె ఒకే ఒక్క మాట అడిగింది. "ఏవయ్యా, వాడికి మన తౌసిఫ్ ఎవరో తెలుసా? పేరన్నా తెలుసా?" తెలియదే అని చెప్పబోయి ఆగాడు, తెలియదని నీకెట్లా తెలుసు అని అడుగుతుందేమోనని. పడమటి సూర్యుడు రేకు అంచు దాటి మోకాళ్ళ మీదకి వచ్చాడు. తెలియదు. వాడికి తెలియదు. తనకి మాత్రం ఎవరి పేరన్నా తెలిసిందా? మర్నాడు పేపర్లో చూస్తే తప్ప. కూచిపూడి సెంటర్లో చనిపోయినాయన మృదంగం వాయిస్తాడని పేపర్లోనే చదివాడు, పదేళ్ళ కూతురుందని చదివాడు. ఎనభై ఎనిమిదో సంవత్సరం అది, ఆ పనే ఆఖరు. పామర్రు మీదుగా పోయే బస్సు కోసం జనం నిలబడి ఉన్నారు. పున్నయ్య అడిగింది కాలవ కాంట్రాక్టరుని. ఆ కాంట్రాక్టరు చొక్కా చెయ్యి పైకి లాక్కునేలోపు పక్కనున్న మనిషి, ఎవరూ అడక్కుండానే, తన చెయ్యెత్తి టైము చెప్పాడు. ఆ చెయ్యే కరిముల్లాకి కనపడింది. తర్వాత పున్నయ్య తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. "నేనడిగిందెవర్ని, నువ్వు లేచిందెవరి మీదకి? నీ కళ్ళకేం రోగం?" అన్నాడు. కళ్ళకి రోగమే అనుకున్నాడు తను కూడా, మానేశాడు. పని చెప్పే పెద్దమనిషి రెండుసార్లు మనుషుల్ని పంపించాడు, చూపు మందగించిందని చెప్పి పంపేశాడు. ఆ పెద్దమనిషి కూడా పోయాడు. పున్నయ్య కూడా మానేశాడనే అనుకున్నాడు.

ఇంజను చప్పుడు. జనం ఒక్కసారి లేచారు. లేవటంలోనే తోసుకోవటం మొదలయింది. అరటి గెలలు దింపుకుని వచ్చిన ఖాళీ బుట్టలతో ఒకామె ముందుకి దూరి, "జరగండయ్యా, మగమహారాజులు, పంటు మీ అత్తారింటికి పోతందా?" అంటోంది. మోటారు సైకిళ్ళు, పాల క్యాన్లు, ఒక మేక. పంటు వచ్చి ఒడ్డుకి గుద్దుకుంది, బల్ల జార్చారు. అప్పుడే రోడ్డు మీద ఆటో ఆగింది, పున్నయ్య దిగాడు. తెల్లపంచె, భుజం మీద కండువా, మోకాలు పట్టుకుని ఒక్కొక్క అడుగే వేసుకుంటూ దిగుతున్నాడు. ఇటు చూడలేదు. చూడకూడదు కాబట్టి చూడలేదు. ఎడమ చేతి మణికట్టు మీద, నల్లటి తోలు మధ్య, వాచీ ఉండాల్సినచోట తెల్లటి పట్టీలాంటి చార. అంటే తీసి పెట్టొచ్చాడు. సంతోషించాలో భయపడాలో తెలియక కరిముల్లా లేచి నిలబడ్డాడు. టిఫిన్ క్యారియర్ మనిషి కూడా లేచాడు. లేచి తన వెనకే వచ్చాడు. ఎందుకు వెనకే రావాలి, ముందు ఖాళీ ఉందిగా? కరిముల్లా ఆగి దారిచ్చాడు. "మీరు పదండి పెద్దాయనా" అన్నాడు వాడు. "ఫర్లేదు, మీరు పోండి." "అయ్యో, మీరు పెద్దోళ్ళు." ఇద్దరూ బల్ల దగ్గర నిలబడిపోతే వెనకాల మోటారు సైకిలువాడు హారను కొట్టాడు, "ముందు మీరా నేనా తర్వాత తేల్చుకుందురు, ఎక్కండి ముందు" అని. చివరికి ఇద్దరూ ఒకేసారి ఎక్కారు.

పంటు మీద వెనకవైపు బల్ల మీద, ఇనప కమ్మీకి వీపు ఆనించి కూర్చున్నాడు. ఇక్కణ్ణుంచి అందరూ కనపడతారు. ముందువైపు రెండు వరసల్లో బల్లలు. ఎడమ వరసలో నీలం గళ్ళ చొక్కా మనిషి కూర్చున్నాడు, ముప్పై ఏళ్ళుంటాయి, ఒళ్ళో మందుల షాపు కవరు, చిన్నపిల్లల టానిక్కు సీసా మూత బయటికి కనపడుతోంది. వీడేనా? ముఖం చూడకూడదు, చూస్తే చెయ్యి బరువెక్కుతుంది, అయినా చూశాడు. గడ్డం సరిగ్గా గీసుకోలేదు. ఒళ్ళో కవరుని రెండు చేతులతో పట్టుకుని నీళ్ళకేసి చూస్తున్నాడు. వీడు కాకపోవచ్చు. ఆ చివర మీసాలవాడై ఉండొచ్చు, సెల్‌ఫోను చెవికి పెట్టుకుని అరుస్తున్నాడు. లేదంటే ఇంత మందిలో తన వెనక్కి ఎవడన్నా వస్తాడేమో, ఈ పద్ధతంతా తన కోసమేనేమో, చూపించబోయేది ఇశ్రాయేలుని తనకి కాదు, తనని ఇశ్రాయేలుకేమో. పున్నయ్య వచ్చి తననే టైమడిగితే? ఆ ఆలోచనకి చేతులు రెండూ చంకల కిందకి పోయాయి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ వాచీ కట్టుకోలేదు తను. తౌసిఫ్ కట్టుకునేవాడు. డిగ్రీ పాసయ్యాడని జమాల్ బీ కొనిపెట్టింది. దాంతో వాడికి పిచ్చి పట్టుకుంది. ఎంతయిందిరా అంటే ఆరుంబావు అని చెప్పి ఊరుకోడు, ఆరూ పదిహేడు అంటాడు, అడిగినవాళ్ళు నవ్వితే నిజం చెప్తే నవ్వుతారేంటి అంటాడు. వీధిలో ముసలమ్మలు కావాలని అడిగేవాళ్ళు, నవ్వటానికి. పంటు కదిలింది. ఒడ్డున పుష్కరాలకి కట్టబోయే మెట్ల కోసం తెచ్చి పోసిన కంకర, టీ కొట్టు, ఆటోలు అన్నీ మెల్లగా వెనక్కి జరిగాయి. కరిముల్లా సంచిలో చెయ్యి పెట్టి దబ్బనం చెవి వేళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. ఏటి మధ్యకి వచ్చాక, అప్పుడు.

ఏటి మధ్యకి వచ్చాక పున్నయ్య లేచాడు. బల్లలు పట్టుకుంటూ, పాల క్యాన్లు దాటుకుంటూ, తిన్నగా నీలం గళ్ళ చొక్కా ముందుకి పోయి నిలబడ్డాడు. "బాబూ, టైమెంతయిందయ్యా?"

ఆ మనిషి తలెత్తి, ఒళ్ళో కవరు జాగ్రత్తగా పక్కన పెట్టి, చెయ్యెత్తాడు. వాడు నోరు తెరిచేలోపే బుట్టలామె, "నాలుగూ ఐదు" అంది.

"ఐదెక్కడిదండీ" అన్నాడు టిఫిన్ క్యారియర్ మనిషి, తన చెయ్యెత్తి చూసుకుని. "నాలుగూ పది."

"మీది స్పీడండీ. నేను పొద్దునే రేడియోతో కలిపా, నాలుగూ ఏడు" అన్నాడు పాల క్యాన్లాయన, చెయ్యి ఎండలోకి తిప్పి.

"ఆయన కొత్త అల్లుడిలాగా బూట్లేసుకొచ్చాడు, ఆయన గడియారం స్పీడు కాక ఏమవుద్ది?" అంది బుట్టలామె. "క్యారియర్లో ఏం తీసుకెళ్తన్నావయ్యా?"

"పెళ్ళిచూపులండీ, మా తమ్ముడికి. సున్నుండలు. బూట్లు కూడా వాడివే."

అందరూ నవ్వారు. సెల్‌ఫోను మీసాలవాడు కూడా ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూసి నాలుగూ ఎనిమిదన్నాడు. "ఎనిమిదో పదో, పెద్దాయనకేమన్నా రైలుందా?" అని ఇంజను దగ్గర్నుంచి సరంగు అరిచాడు. నీలం గళ్ళ చొక్కావాడు అందరివంకా చూసి సిగ్గుపడి, "నాది ఆగిపోయిందండీ" అన్నాడు.

నాలుగు చేతులు. కరిముల్లా లేవాల్సింది, లేవలేదు. నాలుగు చేతులు లేచాయి, పున్నయ్య అడిగింది ఒక్కడినే. ఈ జిల్లాలో ఒకణ్ణి అడిగితే ఒకడే జవాబు చెప్పటం ఎక్కడన్నా ఉందా? దారడిగితే సందులో ఉన్నవాళ్ళంతా చెప్తారు, టైమడిగితే బస్సంతా చెప్తుంది, చెప్పకపోతే వాళ్ళకి నిద్ర పట్టదు. కూచిపూడిలో మృదంగం ఆయన అట్లాగే చెప్పాడు. తన కళ్ళకేం రోగం లేదు. పద్ధతికే రోగం. గొల్లపూడి బస్టాపు బెంచీ మీద ఎవరో ఎవరినో టైమడిగితే, ఆ పక్కన తౌసిఫ్ ఉంటే, వాడు ఊరుకుంటాడా? అందరికంటే ముందు వాడి చెయ్యే లేస్తుంది. నలభయ్యో రోజు ఫాతెహా గుర్తొచ్చింది. చాప మీద వరసగా కూర్చుని తింటున్నారు, పున్నయ్య కూడా వచ్చాడు, పదిహేనేళ్ళ తర్వాత మొదటిసారి ఆ ఇంటి గడప తొక్కటం. జమాల్ బీ వడ్డిస్తుంటే, "బంగారం లాంటి పిల్లాడమ్మా. పక్కవాణ్ణి ఏదన్నా అడిగినా తనే ముందు చెప్పాలి, ఆ మంచితనమే..." అని ఆగిపోయి, పొలమారినట్టు దగ్గి, నీళ్ళు తాగాడు. పొలమారిందని కరిముల్లాయే పున్నయ్య వీపు చరిచాడు కూడా. తౌసిఫ్‌ని పున్నయ్య చివరిసారి చూసింది వాడికి ఎనిమిదేళ్ళప్పుడు. పెద్దయ్యాక చూడనే లేదు. చూడనివాడికి ఆ అలవాటు ఎట్లా తెలుసు?

నీలం గళ్ళ చొక్కావాడే పొడిచాడు, అది నిజమే అయి ఉంటుంది. పున్నయ్య ఇవాళ చూపించటంలో తప్పు చేయడు. కానీ వాడు చెయ్యి చూసి లేచాడు. వాడి స్థానంలో తనుంటే తనూ లేచేవాడు, లేచాడు కూడా. ఎవరిని చూపించాలో తెలిసినవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ ఇప్పుడు ఏమీ జరగకపోవటం చూసి, నియమం తప్పి, వెనక్కి తిరిగి కరిముల్లా కేసి చూశాడు. కళ్ళతోనే లేవమన్నాడు. కరిముల్లా లేచాడు. మేకని దాటుకుని, పాల క్యాన్లు దాటుకుని పోయి, పున్నయ్య చెయ్యి పట్టుకుని వెనక బల్ల మీద కూర్చోబెట్టి పక్కనే కూర్చున్నాడు. అయినా తప్పయితే? మళ్ళీ ఇంకొకసారి తప్పు మనిషయితే? పంటు లింగాయపాలెం రేవుకి వచ్చి గుద్దుకుంది. జనం దిగటం మొదలుపెట్టారు.

"పున్నయ్యా, మావాడు ఎంతయిందని చెప్పాడు?"

"ఏంటి సాయిబూ? ఎండ దెబ్బేమన్నా..."

"గొల్లపూడిలో. నువ్వడిగినప్పుడు."

పున్నయ్య కుడిచెయ్యి ఎడమ మణికట్టు మీద తెల్లచారని రుద్దుకుంటోంది. "నేనడిగింది వాణ్ణి కాదు" అన్నాడు చివరికి. "పక్కన తెల్లచొక్కాయన్ని. ఆయన వాచీ చూసుకునేలోపే మీవాడు... నాకేం తెలుసు సాయిబూ నీ కొడుకని? నిక్కరేసుకుని తిరిగేవాడు నేను చూసినప్పుడు. గడ్డం, మీసం, టక్కు. పేపర్లో నీ పేరు చూసి రెండ్రోజులు అన్నం ముట్టలా. మా ఆవిణ్ణి, రావమ్మనడుగు, ఒట్టు."

"వీణ్ణెందుకు చూపించావ్?"

"తాగి వాగుతున్నాడు. తప్పు తనది కాదు, చూపించిన నాదని నలుగురి దగ్గరా అంటన్నాడు. నీ చెవిన పడితే..."

"అందుకని నా చేత్తోనే."

నీలం గళ్ళ చొక్కా బల్ల దాటి, ఇసకలో, మందుల కవరు పట్టుకుని అరటితోటల వైపు పోతున్నాడు. వెనక్కి చూడలేదు.

"ఎంతయిందని చెప్పాడు పున్నయ్యా?"

"ఎనిమిదీ ఇరవై రెండు" అన్నాడు పున్నయ్య. "ఇరవై అంటే పోయేదిగా? ఇరవై రెండండీ అన్నాడు, నవ్వి. నిద్ర పట్టట్లా సాయిబూ ఆ రెండుకి."

ఇదివరకు ఎప్పుడూ కరిముల్లా తనకి తెలిసినవాణ్ణి చంపలేదు. ఈ మనిషి పెళ్ళికి తను వెళ్ళాడు. రావమ్మ చేతి గోంగూర పులుసు తిన్నాడు. ఈ మోకాళ్ళు ఎప్పట్నుంచి నొప్పో, ఈ చొక్కా జేబులో షుగరు మాత్రలు ఎటువైపు ఉంటాయో తెలుసు. పారిపోవటం లేదు. పారిపోలేడు కాబట్టా, పారిపోదలుచుకోలేదా? అడగాలనిపించింది, అడిగితే ఇంకో మాట పుడుతుంది, ఆ మాటకి ఇంకో మాట, పొద్దుగూకేదాకా ఇద్దరు ముసలాళ్ళు ఈ బల్ల మీద మాట్లాడుకుంటూనే ఉంటారు. ఎడమచెయ్యి పున్నయ్య భుజం చుట్టూ వేసి దగ్గరికి తీసుకున్నాడు. కుడిచెయ్యి తనకి తెలిసిన దారినే పోయింది. పున్నయ్య "అమ్మా" అని కూడా అనలేదు, గాలి వదిలాడంతే, పెద్ద బరువు దింపినవాళ్ళు వదిలినట్టు. తల వచ్చి కరిముల్లా భుజం మీద పడింది.

పాత పద్ధతిలో అయితే ఇప్పుడు లేవాలి. పరిగెత్తకూడదు, జనంలో కలిసి దిగిపోవాలి, దొరికిన బస్సెక్కాలి. దిగేవాళ్ళు ఇంకా దిగుతూనే ఉన్నారు, దారి ఖాళీగానే ఉంది. కరిముల్లా లేవలేదు. తువ్వాలు తీసి పున్నయ్య చంక కింద నొక్కి పట్టుకుని కూర్చున్నాడు. ఇటువైపు నుంచి ఎక్కేవాళ్ళు ఎక్కారు. కూరగాయల మూటలు, స్కూలు మేస్టారొకాయన, పెళ్ళికి పోతున్న ఆడవాళ్ళు మల్లెపూలతో. పంటు తిరిగి బయల్దేరింది. ఏటి మధ్యకి వచ్చేసరికి సరంగు చెక్కపెట్టె పట్టుకుని టికెట్లకి వచ్చాడు. "దిగలేదా మీరు? ఊరికే అటూ ఇటూ తిరగటానికొచ్చారా తాతయ్యా? ఆయన్ని లేపు, పడుకున్నాడు."

"లేవడు బాబూ. నేనే చంపా" అన్నాడు కరిముల్లా. "ఈయన బసవపున్నయ్య, చుట్టుగుంటలో ఇల్లు. నేను దూదేకుల కరిముల్లా, కొండపల్లి. ఒడ్డుకెళ్ళాక పోలీసులకి ఫోను చెయ్యి."

సరంగు ముందు నవ్వాడు. తర్వాత బల్ల కింద నుంచి చెక్కల సందుల్లోకి కారుతున్నది చూశాడు. మల్లెపూలామె కేకేసింది. ఒక్క కేకకే పంటంతా లేచి ముందువైపుకి పరిగెత్తింది, మూటలు వదిలేసి, పిల్లల్ని చంకనేసుకుని, అందరూ ఆ చివరికి చేరి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ నిలబడ్డారు. పంటు ముందుకి ఒరిగింది. నీళ్ళు పంటు ముందంచు దాటి లోపలికొచ్చి వాళ్ళ కాళ్ళు తడిపాయి. వెనకవైపు, కరిముల్లా కూర్చున్న వైపు, నీళ్ళలోంచి పైకి లేచింది. ఇంజను రెక్క గాల్లో గిరగిరా తిరిగి రొద పెట్టింది.

"అందరూ ఒకేచోట చేరకండి, ములుగుద్ది!" సరంగు గుండెలు బాదుకుంటున్నాడు. "వెనక్కి రండి, సగం మంది వెనక్కి రండి! ఆ తాతయ్య ఏం చెయ్యడు, రండమ్మా! మేస్టారూ, మీరన్నా చెప్పండి!"

మేస్టారు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. ఇంకెవరూ కదల్లేదు. కరిముల్లా కాళ్ళు బారజాపి, కమ్మీ గట్టిగా పట్టుకుని, పున్నయ్యని ఒంటికి అదుముకుని, చేతనైనంత బరువు వెనక్కి వేశాడు. ఇద్దరు ముసలాళ్ళ బరువు సరిపోలేదు.